"లేదు" వేరు, "నాకు తెలీదు" వేరు

మొన్న శుక్రవారం రాత్రి రెండింటికి మా టీములో ఒకడి ఫోను మోగింది. రాత్రిపూట నడిచే బిల్లింగ్ జాబు పడిపోయింది. ఎందుకయ్యా అంటే, పైసల్ని రౌండ్ చేసే ఓ చిన్న ఫంక్షను, ఏళ్ళతరబడి ఎవరి జోలికీ పోకుండా ఓ మూల పడున్నది, మాయమైపోయింది. తీసేసింది మనిషి కాదు. మేం కొత్తగా పెట్టుకున్న ఏఐ కోడింగ్ ఏజెంటు. "పనికిరాని కోడ్ ఏమైనా ఉంటే ఏరెయ్" అన్నాం, ఏరేసింది. దాని మార్పుల్ని చూసి సరే అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

సోమవారం మీటింగులో అందరిదీ ఒకటే పాట. "ఏఐలు అంతే బ్రో, లేనిపోనివి ఊహించుకుంటాయి" అని. తీర్పు అయిపోయింది, టీ తాగేశారు, ఎవరి సీట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

నాకెందుకో మనసొప్పలేదు. లాగ్ తెరిచి చూశాను. ఏజెంటు ఏమీ ఊహించుకోలేదండీ. తీసేసే ముందు బుద్ధిగా మా క్యాష్ లుకప్ టూల్‌ని అడిగింది, "ఈ ఫంక్షన్‌ని ఎవరెవరు పిలుస్తున్నారు?" అని. మా టూలు ఇచ్చిన జవాబు ఇదీ: []. ఖాళీ జాబితా. అది చూసి "ఎవరూ పిలవట్లేదు, తీసేయొచ్చు" అనుకుంది. మీరైనా నేనైనా అదే అనుకుంటాం.

అసలు సంగతేంటంటే, ఆ ఫంక్షన్‌ని పిలిచే జాబు వేరే రిపాజిటరీలో ఉంది. ఆ రిపాజిటరీని మా క్యాష్‌లోకి ఇంకా ఎక్కించనేలేదు. అంటే మా టూలు చెప్పాల్సిన నిజం "నాకు తెలీదు". చెప్పింది మాత్రం "ఎవరూ లేరు".

ఇక ఆ టూలు గురించి ఏజెంటుకి మేం రాసిచ్చిన వివరణ మొత్తం ఇదీ: "క్యాష్‌లోంచి ఫంక్షన్ కాలర్లను తెస్తుంది." ఒక్క వాక్యం. ఆ వాక్యం రాసిన మహానుభావుణ్ణి నేనే. అందుకే సిగ్గు చంపుకుని ఇది రాస్తున్నాను. తప్పు ఏఐదని తేల్చేసిన మా మీటింగు తీర్పు మీద ఇది నా అప్పీలు అనుకోండి.

కంప్యూటర్ల జోలికి పోనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకసారి కష్టపడి కనుక్కున్న జవాబుని దగ్గర్లో దాచుకుని, మళ్ళీ అడిగితే అదే తీసివ్వడాన్ని క్యాష్ అంటారు. 1965లో మారిస్ విల్క్స్ దీన్ని "బానిస మెమరీ" అన్న పేరుతో ప్రతిపాదించాడు. మూడేళ్ళకి ఐబీఎం వాళ్ళు తమ సిస్టమ్/360 మోడల్ 85లో పెట్టి క్యాష్ అని పిలిచారు. వెబ్‌సైట్ల కాలం వచ్చాక 2003లో మెమ్‌క్యాష్‌డీ, 2009లో రెడిస్ వచ్చాయి. ఇప్పుడు ఏఐ ఏజెంట్ల వంతు. ఏజెంటు ప్రతిసారీ లక్షల లైన్ల కోడ్ తిరగేయడం దండగ కదా, అందుకని ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో ముందే లెక్కగట్టి దాచి, అడిగితే చెప్పే టూల్ ఒకటి కట్టి ఇస్తున్నారు. ఇలాంటి టూళ్ళని ఏజెంటుకి తగిలించడానికి 2024 నవంబరులో ఎంసీపీ అని ఒక పద్ధతి కూడా వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. టూల్ లోపల కోడ్ ఏముందో ఏజెంటుకి మామూలుగా కనపడదు. దానికి కనిపించేవి టూలు పేరు, నాలుగు మాటల వివరణ, ఏమేం ఇచ్చి అడగాలో చెప్పే పట్టిక. అంతే. మనకి డాక్యుమెంటేషన్ అంటే కోడ్ పక్కన ఉండే కాగితం. దానికి ఆ నాలుగు మాటలే టూలు. అవి తప్పయితే దాని లోకమే తప్పు.

క్యాష్ గురించి రాసేటప్పుడు తప్పనిసరిగా చెప్పాల్సినవి మూడున్నాయి. పెద్ద పుస్తకాలక్కర్లేదు, మా ఊరు చాలు.

మాది దేవరాపల్లి. చోడవరం దగ్గర, రైవాడ రిజర్వాయరు ఉన్న ఊరు. గోదావరి వైపు గోపాలపురం దగ్గర దేవరపల్లి అని ఇంకో ఊరుంది. తెలుగులో రాస్తే ఒక్క దీర్ఘం తేడా. ఇంగ్లీషులో రాస్తే చాలాచోట్ల రెండిటికీ ఒకటే స్పెల్లింగు. మా అమ్మకి మిక్సీ కొని పంపిస్తే అది శుభ్రంగా గోదావరి జిల్లాకి పోయి అక్కడ నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని వచ్చింది. "ఏట్రా, నీ మిక్సీ పుష్కరాలకెళ్ళిందా?" అంది మా అమ్మ. మా భాషలో దీన్ని కీ కొట్టుకోవడం అంటారు. రెండు వేర్వేరు వస్తువులకి ఒకటే పేరు పెట్టి దాచావనుకో, ఒకదానికి బదులు ఇంకోటి వస్తుంది. టూల్‌ని ఫంక్షన్ పేరు ఒక్కటే ఇచ్చి అడగొచ్చా, రిపాజిటరీ పేరూ కమిట్ గుర్తూ కూడా ఇవ్వాలా? ఇది రాయకపోతే మిక్సీ గోదావరికి పోతుంది. ఇది మొదటిది.

రెండోది వయసు. నా సర్టిఫికెట్లన్నింటి మీదా విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, మేం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. మరి నా సర్టిఫికెట్ అబద్ధమా? కాదు. దాని మీద తేదీ ఉంది. ఆ తేదీకి అది నిజమే. అదే తేదీ తీసేసి "దేవరాపల్లి ఏ జిల్లా? విశాఖపట్నం" అని ఒక పట్టికలో పెట్టావో, అది అబద్ధమైపోతుంది. ఇప్పటికీ కొన్ని దరఖాస్తుల్లో మా మండలం కోసం పాత జిల్లా కింద వెతుక్కోవాల్సి వస్తుంది చూడండి, అది ఇదే జబ్బు.

ఈ మాత్రం మా ఊరి చెరుకు రైతులకి తెలుసు. అనకాపల్లి మార్కెట్టు నుంచి వచ్చినవాణ్ణి బెల్లం ధర అడగండి. ఉత్త ధర చెప్పడు. "నిన్నటి ధర ఇంత, ఎర్రబెల్లానికయితే ఇంత" అంటాడు. ఏ రోజుదో, ఏ రకానిదో చెప్పకుండా ధర చెప్తే అవతలివాడు బండి కట్టుకుని పోయి నష్టపోతాడని తెలుసు కనుక. ఇంజినీరింగ్ చదివిన మనం మాత్రం "ధర ఇంత" అని చెప్పే టూళ్ళు కట్టి వదిలేస్తున్నాం. వెబ్‌ని కట్టినవాళ్ళు 1997లోనే, హెచ్‌టీటీపీ 1.1లో, ఈ జవాబు అసలు సర్వరు దగ్గర పుట్టి ఎన్ని సెకన్లయిందో చెప్పడానికి "ఏజ్" అని ఒక హెడ్డరు పెట్టారు. మనకి ఇన్నేళ్ళయినా బుద్ధి రాలేదు.

మూడోది, మా ఫంక్షన్‌ని చంపింది: దొరక్కపోవడం అంటే ఏమిటి? రేషన్ డిపోకి వెళ్తే తాళం వేసుంది. బియ్యం లేవని అర్థమా? డీలరు భోజనానికెళ్ళాడని అర్థం. ఇంటికొచ్చి "బియ్యం లేవంట" అని చెప్పిన పిల్లాడికి మా నాయనమ్మ చేత మొట్టికాయ పడేది. "లేవన్నాడా, తాళమేసుందా? సరిగ్గా సెప్పు" అని.

ఈ తేడా తెలిసినవాళ్ళు మన వృత్తిలోనూ ఉన్నారు. డీఎన్ఎస్‌లో "అలాంటి పేరు లేదు" అనేది ఒక జవాబు, "సర్వరు పలకడం లేదు" అనేది ఇంకో జవాబు. "లేదు" అన్న జవాబుని ఎంతసేపు దాచుకోవచ్చో 1998లోనే ఆర్‌ఎఫ్‌సీ 2308లో ఒక లెక్క ప్రకారం రాసి పెట్టారు. రెడిస్‌లో ఒక కీకి ఎంత ఆయువు మిగిలిందని అడిగే టీటీఎల్ కమాండు ఉంది. 2.6 వెర్షన్ దాకా ఆ కీ లేకపోయినా -1 ఇచ్చేది, కీ ఉండి గడువు లేకపోయినా -1 ఇచ్చేది. 2.8 నుంచి లేకపోతే -2, గడువు లేకపోతే -1 అని విడగొట్టారు. ఒక్క అంకె తేడా. కానీ దాని వెనక ఎంతమంది రాత్రి నిద్ర ఉందో ఆలోచించండి.

సరే, ఇప్పుడు మా టీములో నాకు ఎదురైన వాదనల సంగతి.

మొదటి వాదన: "ఏజెంట్లు తెలివైనవి, అవే అర్థం చేసుకుంటాయి." ఎలా చేసుకుంటాయండీ? ఖాళీ జాబితా చూసి "దీని వెనక ఎక్కించని రిపాజిటరీ ఒకటుంది" అని కనిపెట్టాలంటే తెలివి సరిపోదు, జ్యోతిషం కావాలి. ఇంకో మాట. తెలివితక్కువది అయితే ఖాళీ జాబితా చూసి తికమకపడి వదిలేసేదేమో. ఇది తెలివైనది కాబట్టే చకచకా తర్కం అల్లుకుని, టెస్టులు నడిపి, పాసయ్యాయని చూసుకుని మరీ తీసేసింది. తెలివైనవాడికి తప్పుడు సమాచారం ఇస్తే తప్పు పని కూడా తెలివిగానే చేస్తాడు.

రెండో వాదన: "వివరణ పెద్దదైతే ప్రతి రిక్వెస్టుకీ టోకెన్ల ఖర్చు." ఇది నిజమే, కాదనను. టూళ్ళ వివరణలు మామూలుగా ఏజెంటు ముందు ప్రతిసారీ ఉంటాయి, వాటికి లెక్క పడుతుంది. అందుకే పురాణం రాయమనడం లేదు. ఏడెనిమిది వాక్యాలు. కానీ ఒక్క వాక్యంతో మిగుల్చుకున్న టోకెన్లెన్ని, అర్ధరాత్రి లేచి బిల్లులన్నీ మళ్ళీ నడిపినదానికి అయినదెంత? ఈ రెండో లెక్క ఎవరూ వెయ్యరు. ఎందుకంటే అది టోకెన్ల బిల్లులో రాదు, మనుషుల నిద్రలోంచి పోతుంది.

మూడో వాదన, నన్ను బాగా మండించింది: "డాక్యుమెంటేషన్ కూడా ఏఐ చేతే రాయిద్దాం." సరేనని రాయించి చూశాను. టూల్ కోడ్ చూపించి దీనికి వివరణ రాయమన్నాను. ఎంత చక్కగా రాసిందంటే, నా ఒక్క వాక్యం దాని ముందు దిగదుడుపే. అందులో ఒక వాక్యం: "ఖాళీ జాబితా వస్తే ఈ ఫంక్షన్‌ని ఎవరూ పిలవడం లేదని అర్థం." చూశారా! కోడ్‌లో ఉన్నది చదివి రాసింది కాబట్టి కోడ్‌లోని అబద్ధాన్ని చక్కని భాషలో అచ్చేసిచ్చింది. ఏ రిపాజిటరీలు ఎక్కించాం, ఏవి వదిలేశాం, ఎందుకు వదిలేశాం, జాబితాని ఆరు గంటలకోసారే ఎందుకు తిరగరాస్తాం... ఇవేవీ కోడ్‌లో లేవు. ఉన్నది మా నలుగురి బుర్రల్లో. బుర్రలో ఉన్నది కాగితం మీద పెట్టాల్సింది బుర్ర ఉన్నవాడే. భాష దిద్దడానికి ఏఐని వాడుకోండి, నేనూ వాడతాను. కానీ చెప్పాల్సిన నిజం మాత్రం మనదగ్గరే ఉంది.

అసలు తమాషా ఏంటంటే, నేనే కూర్చుని సరైన వివరణ రాద్దామని మొదలుపెట్టి, "దొరక్కపోతే..." దగ్గర ఆగిపోయాను. దొరక్కపోతే ఏమొస్తుంది? వెతికి లేదని తేలినా [], అసలు వెతకనే లేకపోయినా []. రాయడానికి వీల్లేదు! అప్పుడుగానీ అర్థం కాలేదు, తప్పు వివరణలో మాత్రమే కాదు, టూల్‌లోనే ఉందని. ముందు కోడ్ మార్చాల్సి వచ్చింది. డాక్యుమెంటేషన్ అంటే పని అయిపోయాక చేసే సున్నం పని అనుకునేవాళ్ళకి ఇది చెప్తున్నాను. గోడ వంకరగా ఉందని సున్నం వేసేటప్పుడే తెలిసింది నాకు. మొదటిరోజే సరిగ్గా రాసుంటే మొదటిరోజే తెలిసేది.

ఇంతకీ నాకింత ఉడుకెందుకో కూడా చెప్పాలి.

2019లో ఉద్యోగంలో చేరాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దేవరాపల్లిలో ఇంటిదగ్గర కూర్చుని పనిచేసేవాణ్ణి. అప్పుడొక పని ఇచ్చారు. ఒక సమాచారాన్ని మెమ్‌క్యాష్‌డీలో 45 రోజులు దాచాలి. సెకన్లు లెక్కగట్టి ఇచ్చాను. దాచిన మరుక్షణం మాయం! మళ్ళీ దాస్తే మళ్ళీ మాయం. మూడు రోజులు... చివరికి నా ఇంటి నెట్ బాలేదేమో అని కూడా అనుమానించాను. అసలు విషయం ఏంటంటే, మెమ్‌క్యాష్‌డీలో గడువు 30 రోజులు దాటితే ఆ అంకెని "ఇన్ని సెకన్ల తర్వాత" అని తీసుకోదు, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టే గడియారపు తేదీగా తీసుకుంటుంది. 45 రోజుల సెకన్లంటే 1970 ఫిబ్రవరి. అది ఎప్పుడో గడిచిపోయింది కాబట్టి పెట్టగానే పోయింది. మెమ్‌క్యాష్‌డీ వాళ్ళు ఇది రాసే పెట్టారు. కానీ మేం వాడేది దాని మీద మా కంపెనీ కట్టుకున్న ఒక లైబ్రరీ. అందులో ఒక్క ముక్క లేదు. నాకు కింద మెమ్‌క్యాష్‌డీ ఉందన్న సంగతే తెలీదు.

మూడు రోజులు ఎవర్నీ ఎందుకు అడగలేదంటారా? భయం. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాణ్ణి. ఇరవైమంది చూసే చాట్‌లో ఇంగ్లీషులో ప్రశ్న రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపి... ఇంత చిన్న విషయం తెలీదా అనుకుంటారేమోనని. చివరికి అడిగితే ఒక సీనియరు గారు అన్నమాట: "అది అందరికీ తెలిసిందేగా!"

అందరికీ తెలిసింది, ఎక్కడా రాయనిది. మన టీముల్లో సగం జ్ఞానం ఇలాగే ఉంటుంది.

డాక్యుమెంటేషన్ ఎవరికోసం? అడగగలిగినవాడికి అక్కర్లేదు, వాడు పక్క సీటువాణ్ణి అడిగేస్తాడు. అది అడగలేనివాడి కోసం. భయం వల్ల అడగలేనివాడు, రాత్రి రెండింటికి అడగడానికి ఎవరూ లేనివాడు, రాసినవాడు ఉద్యోగం మారిపోయాక చేరినవాడు. ఇప్పుడు ఈ ఏజెంటు. దానికి భయం లేదుగానీ, అనుమానమూ రాలేదు. చేతికిచ్చిన జవాబు నమ్మేసి ముందుకెళ్ళింది. అది అడగలేదు, నేను అడగలేకపోయాను. చివరికి ఇద్దరం ఒకే గోతిలో పడ్డాం.

ఆరేళ్ళు కొత్తగా చేరినవాళ్ళు మొత్తుకున్నా రాయని వివరణలు, ఏజెంట్లు రాగానే "ఏజెంట్ల కోసం డాక్యుమెంటేషన్" అని ప్రాజెక్టు పెట్టి, గడువు పెట్టి రాయిస్తున్నారు. మనిషి మూడు రోజులు పోగొట్టుకుంటే "నేర్చుకుంటున్నాడు" అంటారు. మెషీను ఒకసారి తప్పు చేస్తే మీటింగు పెడతారు. పోనీ, ఏ వంకన రాసినా మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. నా డిమాండు ఒక్కటే. అది ఏజెంటుకి మాత్రమే కనిపించే మూల ఫైలులో దాచకండి. అదే పాఠాన్ని, అదే చోట, కొత్తగా చేరే పిల్లలకి కూడా కనిపించేలా పెట్టండి. ఒకటే రాయండి, ఇద్దరూ చదువుకుంటారు.

ఇక నేను తిరగరాసిన వివరణ ఇదీ. నచ్చితే మీరూ వాడుకోండి:

"ఒక ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తున్నారో ముందే లెక్కగట్టి దాచిన జాబితాలోంచి చెబుతుంది. అసలు కోడ్‌ని వెతకదు. రిపాజిటరీ, కమిట్, ఫంక్షన్ పూర్తి పేరు మూడూ ఇచ్చి అడగాలి. జవాబు మూడు రకాలు: దొరికారు, వెతికాం, ఎవరూ లేరు, మా దగ్గర సమాచారం లేదు. మూడోదాన్ని రెండోదిగా తీసుకోకూడదు. ప్రతి జవాబుతోపాటు అది ఏ కమిట్ దగ్గర, ఎప్పుడు లెక్కగట్టిందో, ఏయే రిపాజిటరీలు వెతికిందో వస్తాయి. కాన్ఫిగ్ ఫైళ్ళలో పేరు రాసి పిలిచేవి ఈ జాబితాకి దొరకవు. కోడ్ తీసెయ్యడానికి, పేరు మార్చడానికి ఈ జవాబు ఒక్కటే ఆధారం కాకూడదు. అసలు కోడ్‌లో వెతకాలి. అప్పటికీ తేలకపోతే ఆగి మనిషిని అడగాలి."

ఇది రాస్తే మళ్ళీ తప్పు జరగదా అంటే, జరగొచ్చు. చదివినవాళ్ళందరూ పాటిస్తారని ఎక్కడుంది, మనుషులు పాటిస్తున్నారా? అందుకే తీసేసే పనులకి మనిషి చూపు ఇంకా ఉండాలి, ఈసారి నేను చూసినట్టు కాకుండా నిజంగా చూసే చూపు. కానీ ఇంకోసారి తప్పు జరిగితే అది నిజంగా ఏజెంటు తప్పో కాదో తేల్చుకోవచ్చు. ఈసారి ఆ హక్కు మాకు లేదు.

మా లీడ్ గారు చదివి "బాగుందిగానీ కొంచెం పొడుగైంది, సగానికి తగ్గించు" అన్నారు. ఏ సగం తీసెయ్యాలో మీరే చెప్పండి సార్ అన్నాను. చూస్తాను అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు :)

ఈలోగా మీరొక పని చెయ్యండి. మీ టీములో ఏజెంట్లకిచ్చిన టూళ్ళలో ఏదో ఒకటి తెరవండి. దాని వివరణ చదివి, లోపలి కోడ్ చూడకుండా, ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి: "దొరక్కపోతే ఇది ఏమంటుంది?" చెప్పలేకపోతే, రాత్రి రెండింటికి మోగే ఫోను ఎవరిదో ముందే చూసుకోండి.